ఇంజను మనసు తెలిసిన నాయుడుగారు

పోయిన మే నెలలో మా తమ్ముడు ఓ పాత కారు వేసుకుని మా ఇంటికొచ్చాడు. ఉత్త కారు కాదు, స్పోర్ట్సు కారు. కొని ఇరవై ఏళ్ళు దాటినది, రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోతుంది. చీర కట్టుకుని అందులో కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం మరో ఎత్తు. అయినా వాడి ముచ్చట కాదనలేక మాచర్లలో పెళ్ళికి అందులోనే బయల్దేరాను. నరసరావుపేట నుంచి పిడుగురాళ్ళ దాకా బుద్ధిగానే వచ్చింది. గురజాల దాటాక దగ్గడం మొదలుపెట్టింది. రెంటచింతల ఇంకా రాకముందే, చెట్టు నీడైనా లేనిచోట ఆగి కూర్చుంది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ, పచ్చి పెట్రోలు కంపు.

రెంటచింతల ఎండ గురించి మీకు నేను చెప్పాలా? పట్టుచీరలో నేను, చెమటతో వాడు. పెళ్ళి భోజనాల వేళ దాటిపోయింది.

అంతకు రెండు నెలల ముందే ఆ కారును వాడు పట్నంలో ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాడట. వాళ్ళు కంప్యూటరు తగిలించి, పొగగొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సారు పోయిందన్నారు. కొత్తది వేశారు. తగ్గలేదు. ఇంకోటేదో మార్చారు. అదీ అంతే. డబ్బు పోయింది గానీ డాష్‌బోర్డు మీద పచ్చదీపం మాత్రం ఆరలేదు.

ఓ ట్రాక్టరు పుణ్యాన కారు తిరిగి పేటకు చేరింది. మా వీధి చివర రేకుల షెడ్డులో ఓ పెద్దాయన ఉన్నాడు. మోటార్లు వైండింగు చేస్తాడు, ఇంజన్లూ చూస్తాడు. ఆయన ఏ కంప్యూటరూ తగిలించలేదు. ముందు ప్రశ్నలు వేశాడు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుంది? వేడెక్కాక ఎలా ఉంటుంది? పొగ ఎప్పుడు మొదలైంది? డాక్టరుగారు రోగిని అడిగినట్టే అడిగాడు. తర్వాత ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా గుడ్డ మీద పెట్టాడు. నాలుగూ కాటుకలా నల్లగా ఉన్నాయి. అప్పుడు నా వైపు తిరిగి పంపు స్టవ్వు ఎప్పుడైనా వాడావా అమ్మా అని అడిగాడు.

వాడకపోవడమేం, మా అమ్మ దగ్గర పదేళ్ళు అదేగా! గాలి చాలక కిరసనాయిలు ఎక్కువైతే మంట పచ్చగా లేచి గిన్నెల అడుగున మసి పడుతుంది. అన్నీ సమంగా ఉంటే నీలిమంట వస్తుంది. నిప్పిలులో నలక పడితే పిన్ను పెట్టి పొడవాలి. ఇంజనూ అంతేనట. ప్లగ్గు మొన నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ తాగుతోందని, తెల్లబారితే చాలడం లేదని, లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యంగా ఉందని అర్థం. పాతకాలం కార్బ్యురేటరులో జెట్టు అనే సన్నటి బెజ్జం మన స్టవ్వు నిప్పిలుకు అక్కగారు. కొత్త బళ్ళలో ఆ పని కంప్యూటరు చేస్తుంది. ఇంజను వేడెంత, లోపలికి పోయే గాలి ఎంత, బయటికొచ్చే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలింది అని సెన్సార్లు కబురు పంపుతుంటే, దాన్నిబట్టి పెట్రోలు కొలిచి పోస్తుంది.

ఆయన చివరికి పట్టుకున్నది ఇంజను వేడి చెప్పే సెన్సారు తీగని. కనెక్షను దగ్గర పచ్చగా చిలుము పట్టింది. ఆ తీగలో కరెంటు సరిగ్గా పారకపోతే ఇంజను మంచుగడ్డలా ఉందని కంప్యూటరు అనుకుంటుందట. చలికి వణుకుతోంది పాపం అని ఇంకా ఇంకా పెట్రోలు పోస్తుందట. రెంటచింతల ఎండలో చలి! పెట్రోలు ఎక్కువవుతోంది మొర్రో అని మొదటి నుంచీ మొత్తుకున్నది ఆక్సిజన్ సెన్సారు. నిజం చెప్పిన పాపానికి పీకి పారేసింది దాన్నే. ఇలాంటివి మన ఇళ్ళల్లోనూ చూస్తుంటాం కదా అని నవ్వుకున్నాను.

ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నావు పెద్దాయనా అంటే, కుర్రతనంలో రెండేళ్ళు కోయంబత్తూరులో ఉన్నానని చెప్పాడు. అక్కడివాళ్ళు జి.డి.నాయుడుగారి గురించి చెప్పుకునేవాళ్ళట. మన పల్నాడులో బోరు వేయించినవాళ్ళకి కోయంబత్తూరు మోటార్లు కొత్త కాదు. కానీ ఆ ఊరికి మోటార్ల పేరు రావడంలో ముందువరసలో ఉన్న మనిషి తెలుగు మూలాలున్నవాడని నాకప్పటిదాకా తెలియదు. డిగ్రీ చదివానన్న మాటే గానీ! ఆ తర్వాత దొరికిన పుస్తకమల్లా వెతికాను.

గోపాలస్వామి దొరస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. ఎన్నో తరాల కిందట తమిళదేశానికి వలసపోయిన తెలుగు నాయుళ్ళ కుటుంబం. తండ్రి రైతు. పసితనంలోనే తల్లి పోయింది. చదువు ఒంటబట్టలేదు. బడిలో పంతులు మీద ఇసుక చల్లి పారిపోయేవాడని చెబుతారు. మూడో తరగతితో బడి చాలించాడు. ఇలాంటి పిల్లాడు మన ఇంట్లో ఉంటే మనం ఏమని తిడతామో ఒక్కసారి తలుచుకోండి.

ఇరవై నిండని రోజుల్లో ఒక తెల్లదొర, రెవెన్యూ ఉద్యోగి, మోటారు సైకిలు మీద ఆ దారినపోతుంటే బండి ఆగిపోయిందట. దొర కిందకు దిగి, కిరసనాయిలూ గుడ్డా తెప్పించుకుని, ఏవో విప్పి తుడిచి బిగించి మళ్ళీ వెళ్ళిపోయాడు. కిరసనాయిలు తెచ్చిచ్చినవాడు మన నాయుడే. ఎడ్లు లేకుండా నడిచే బండిని అంతకు ముందెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. మిగతావాళ్ళు బండి పోవడం చూసి ఆశ్చర్యపోయి ఉంటారు. ఈ కుర్రాడి మనసు మాత్రం ఆగిపోయిన బండి తుడిస్తే ఎందుకు కదిలిందన్న దాని మీద నిలిచిపోయింది. నాకు ఆయన జీవితమంతా ఆ ఒక్క ఘడియలోనే కనిపిస్తుంది.

బండి కొనాలంటే డబ్బుండాలి. అందుకని కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వరుగా చేరాడు. బల్లలు తుడుస్తూ, ఇడ్లీలు మోస్తూ కొన్నేళ్ళు పైసా పైసా కూడబెట్టి, దొర దగ్గరికే వెళ్ళి ఆ మోటారు సైకిలు కొనేశాడు. రడ్జ్ అనే ఇంగ్లీషు కంపెనీ బండి అది. కొన్నవాడు ఊరంతా తిరిగి గొప్పలు పోవాలా? ఇంటికి తెచ్చి ముక్కముక్కా విప్పి పరిచాడు. మళ్ళీ బిగించాడు. మళ్ళీ విప్పాడు. చెప్పే గురువు లేడు. పెట్రోలు ఎటు నుంచి వస్తోంది, నిప్పురవ్వ ఎక్కడ పుడుతోంది, గాలి ఎక్కడ కలుస్తోంది అని చేతులతోనే చదువుకున్నాడు. ఆ రోజుల బండి ఆగిందంటే చాలాసార్లు ఈ మూడింటిలో ఏదో ఒకటి అందకే.

తర్వాత అందరిలాగే డబ్బు మీద మనసు పోయింది. తిరుప్పూరులో పత్తి మిల్లు పెట్టి మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బాగానే గడించాడు. బొంబాయి పత్తి బజారులో ఉన్నదంతా ఊడ్చిపెట్టుకుపోయింది. పత్తి మీద బతికి, పత్తి మీదే చితికిన ఇళ్ళు మన పల్నాడులో ఎన్ని లేవు! ఆ దెబ్బ ఎలాంటిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఒట్టి చేతులతో తిరిగొచ్చినవాణ్ణి కోయంబత్తూరు వ్యాపారి రాబర్ట్ స్టేన్స్ ఆదుకున్నాడు. ఆయన సాయంతో 1920లో ఒక్క బస్సు కొని పొళ్ళాచ్చి నుంచి పళనికి నడిపాడు. డ్రైవరూ తనే, మెకానిక్కూ తనే. ఆ ఒక్క బస్సే పెరిగి పెరిగి పెద్ద సంస్థ అయింది, వందల బస్సులయింది. బస్సు వేళకు రావాలని పట్టుపట్టేవాడట. వేళకు రావాలంటే దారిలో ఆగకూడదు, ఆగకూడదంటే రోగం ముదరకముందే పట్టుకోవాలి. అందుకే ఇంజన్లలో దాగి ఉన్న లోపాలు పట్టడానికి వైబ్రేటరు టెస్టరు అని ఒక యంత్రం తయారుచేయించాడు. టిక్కెట్లిచ్చే యంత్రమూ చేశాడు. గంటల తరబడి బస్టాండులో నిలబడ్డ మనలాంటి ఆడవాళ్ళకే ఆ పట్టుదల విలువ తెలుస్తుంది.

1937లో డి.బాలసుందరంతో కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. మన దేశంలో తయారైన తొలి మోటారుగా దాన్ని చెబుతారు. గడ్డం గీసుకునే కరెంటు రేజరు, పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను... కరెంటు లేని పల్లెలో వేసవి గడిపినవాళ్ళు ఆ ఫ్యాను చేసిన చేతులకు దండం పెడతారు.

నాకు బాధ కలిగించింది కారు కథ. 1952లో రెండు సీట్ల చిన్న పెట్రోలు కారు తయారుచేసి 2,000 రూపాయలకే ఇవ్వొచ్చన్నారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. అది అక్కడే ఆగిపోయింది. ఆగిన ఏ ఇంజన్నైనా కదిలించిన మనిషి ఆ కాగితాన్ని మాత్రం కదిలించలేకపోయారు.

చదువు విషయంలోనూ అదే తగువు. 1945లో ఆయన పూనికతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరిట సాంకేతిక విద్యాలయం వెలిసింది. నాయుడుగారే ప్రిన్సిపాలు. మూడో తరగతితో బడి చాలించినవాడు కాలేజీకి పెద్ద! పని నేర్చుకోవడానికి ఏళ్ళకేళ్ళు అక్కర్లేదన్నది ఆయన వాదం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఈ విషయంలో నేను పూర్తిగా ఆయన పక్షం కాదు. లెక్కలూ సిద్ధాంతమూ లేకుండా అందరికీ ఆయన బుర్ర వస్తుందా? కానీ నాలుగేళ్ళు చదివినా ప్లగ్గు విప్పడం రాని పిల్లలను చూస్తే సగం నిజమేననిపిస్తుంది. ఆ కాలేజీయే ఇప్పటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

ఇదంతా మగవాళ్ళ విద్య, మనకెందుకంటారా? 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అనే ఆవిడ, భర్త కార్ల్ బెంజ్ కనిపెట్టిన కారును ఆయనకు చెప్పకుండానే తీసుకుని ఇద్దరు కొడుకులతో పుట్టింటికి బయల్దేరింది. నూరు కిలోమీటర్ల పైమాటే. అప్పటిదాకా అంత దూరం కారులో పోయినవాళ్ళే లేరు. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకున్న పిన్ను తీసి పొడిచింది. నిప్పురవ్వ తీగ మీద పూత పోతే సాక్సు జారకుండా కట్టుకునే పట్టీ తీసి చుట్టింది. ఇంధనం మందుల షాపులో కొనుక్కుంది. పిన్నుతో నిప్పిలు పొడిచిన మా అమ్మకూ ఆవిడకూ తేడా ఏముంది చెప్పండి?

నాయుడుగారు 1974 జనవరి 4న కన్నుమూశారు. కోయంబత్తూరులో ఆయన వారసులు పాతకార్ల మ్యూజియం పెట్టారు. ఈసారి సెలవులకు ఊటీ అంటున్న మా పిల్లలను ముందు అక్కడ దింపాలని ఉంది.

పెద్దాయన చిలుము గీకి, కనెక్షను మార్చి, ప్లగ్గులు శుభ్రం చేసి బిగించాడు. అడిగింది మూడొందలు. మా తమ్ముడు ఇంకో రెండొందలు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. నేను మాత్రం ఆయన దగ్గర ప్లగ్గు పానా ఎలా పట్టాలో నేర్చుకుని మరీ ఇంటికొచ్చాను. మొన్న సంక్రాంతికి తమ్ముడు మళ్ళీ అదే కారులో వచ్చాడు. పిండివంటలు దించి, చేతులు కడుక్కుని, వాడు వద్దక్కా అంటున్నా వినకుండా నేనే ఒక ప్లగ్గు విప్పి చూశాను. గోధుమరంగులో ఉంది.