మోటారు బండిని మేలుకొలిపిన చార్లెస్ కెటరింగు

విద్యార్థులారా! తాళము త్రిప్పగనే కారు పయనమునకు సిద్ధమగుట నేడు మనకు వింతగా తోచదు. కాని ఇరువదవ శతాబ్ది ఆరంభమున బండి నడుపదలచినవాడు ముందుగా దాని యెదుట నిలిచి, ఇనుప హ్యాండిలును దూర్చి, బలము కొలది త్రిప్పవలసి యుండెను. నిప్పురవ్వ సమయము తప్పి పుట్టినచో ఇంజను ఎదురు తన్నును. హ్యాండిలు గిఱ్ఱున వెనుకకు తిరిగి చేతిని విరుచును. ఈ కష్టమును తొలగించినవారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడగు చార్లెస్ కెటరింగు. ఆయన చరిత్రమును, ఆయన బుద్ధి నడచిన తీరును మీకు తెలుపదలచితిమి.

కెటరింగు 1876 ఆగస్టు 29వ తేదీన ఒహాయో రాష్ట్రమున లౌడన్‌విల్ చెంత ఒక రైతు కుటుంబమున జన్మించెను. కంటిచూపు మందము, చదివిన కొలది తలనొప్పి బాధించుచుండెను. కొంతకాలము బడిపంతులుగా నుండి, పిదప ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను గాని, కన్నులు సహకరింపనందున చదువు నడుమనే మానవలసి వచ్చెను. అంతట ఆయన నిరాశపడి కూర్చుండలేదు. టెలిఫోను తీగలు వేయు పనివారితో కలసి పనిచేసి, విద్యుత్తు నడకను చేతులతోనే నేర్చెను. మరల విశ్వవిద్యాలయమునకు పోయి, తోటివారు పాఠములు చదివి వినిపింపగా విని, 1904లో విద్యుత్ ఇంజనీరింగు పట్టమును పొందెను.

అటుపిమ్మట డేటన్ నగరమందలి నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో కుదిరెను. దుకాణములలో వసూళ్లు లెక్కించు యంత్రమును చేతితో త్రిప్పు పని లేకుండ, దానికి చిన్న విద్యుత్ మోటారును అమర్చెను. ఆ మోటారు దినమంతయు తిరుగనక్కరలేదు. అప్పుడప్పుడు క్షణకాలము బలముగా తిరిగిన చాలును. ఈ చిన్న సంగతియే ముందు ముందు పెద్ద ఫలము నిచ్చెను.

1909లో ఆయన ఎడ్వర్డు డీడ్సు అను మిత్రునితో కలసి డెల్కో అను సంస్థను స్థాపించెను. డీడ్సుగారి ఇంటి వెనుకనున్న కొట్టమే వారి తొలి ప్రయోగశాల. కాడిలాక్ కార్లకు బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించు సాధనమును వారు మొదట సమకూర్చిరి. ఇంతలో కార్టరుకారు నిర్మాతయగు బైరన్ కార్టరు 1908లో మరణించిన సంగతి కాడిలాక్ అధిపతి హెన్రీ లేలండు మనస్సును కలచుచుండెను. ఆగిన బండి హ్యాండిలు త్రిప్పుచుండగా తగిలిన గాయమే ఆ మరణమునకు మూలమని చెప్పుదురు. హ్యాండిలు అక్కరలేని బండి కావలెనని లేలండు కెటరింగును కోరెను.

ఇంజనును త్రిప్పగల మోటారు ఇంజనంత పెద్దది కావలెనని పలువురు నిపుణులు తలచిరి. ఎడతెగక త్రిప్పవలసినచో వారి మాట నిజమే. కాని ఇంజను రగులుకొనుటకు కొలది క్షణములు చాలునుగదా! అంతసేపు చిన్న మోటారునకు మిక్కుటమైన విద్యుత్తునిచ్చినను, అది కాలిపోకముందే పని ముగియును. డబ్బుల యంత్రము నేర్పిన పాఠమిదియే. 1911 ఫిబ్రవరిలో ఆ సాధనము కాడిలాక్ వారి కందెను. 1912 నమూనా కార్లలో అమర్పబడెను. ఇంజను మేలుకొన్న పిమ్మట ఆ మోటారే డైనమోయై బ్యాటరీకి మరల విద్యుత్తును నింపుచుండెను.

ఈ మర్మము తెలిసినవారికి, పెట్రోలు కారు ఉదయమున మొరాయించినప్పుడు లోపము వెదకుట సులువు. దీపమునకు వలయు విద్యుత్తు స్వల్పము. స్టార్టరు మోటారునకు వలయునది అంతకు అనేక రెట్లు. కావున దీపము వెలిగినంతమాత్రమున బ్యాటరీ బాగున్నదని తలపరాదు. దీపము వెలిగించి తాళము త్రిప్పి చూడవలెను. దీపము మిక్కిలి మసకబారి, టకటకమను చప్పుడు మాత్రమే వచ్చినచో బ్యాటరీ నీరసించియుండును. లేదా దాని కొనలకు చిలుము పట్టియుండును. ముందు ఋణధ్రువపు తీగను విప్పి, కొనలను శుభ్రపరచి, బిగించి చూడవలెను. దీపము తగ్గక, మోటారు కదలక యున్నచో విద్యుత్తు దానికి అందుటలేదు. స్విచ్చును, తీగలను, మోటారును వరుసగా పరీక్షింపవలెను. ఇంజను చురుకుగా తిరిగియు రగులుకొననిచో, లోపము నిప్పురవ్వలోనో పెట్రోలులోనో యుండును. తాళమును త్రిప్పి ఎక్కువసేపు పట్టియుంచుట తగదు. ఆ మోటారు క్షణకాలపు శ్రమకే పుట్టినది.

కెటరింగు 1920 నుండి 1947 వరకు జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు అధిపతిగా నుండెను. అక్కడనే 1921లో థామస్ మిడ్గ్‌లీ అను పరిశోధకుడు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపిన ఇంజను మ్రోత తగ్గునని కనుగొనెను. 1924లో దానిని తయారుచేయు పనివారిలో కొందరు విషము సోకి మరణించిరి. ఐనను కెటరింగు దానిని సమర్థించుచునే వచ్చెను. ఆ సీసము పసిబిడ్డల మెదడునకు హాని చేయునని పిదప రుజువయ్యెను. మన దేశమున 2000లో, లోకమంతట 2021 నాటికి, కార్ల పెట్రోలునుండి అది తొలగింపబడెను.

1945లో ఆల్‌ఫ్రెడ్ స్లోనుతో కూడి ఆయన న్యూయార్కున స్థాపించిన క్యాన్సరు పరిశోధనాలయము నేటికిని నిలిచియున్నది. 1958 నవంబరులో కెటరింగు కన్నుమూసెను.

విద్యార్థులారా! చూపు మందమైనను, ఇంజనునకు బలము ఎంతసేపు కావలెనని అడిగి ఆయన లోకమునకు మేలుచేసెను. సీసము విషయమున, ఈ పొగను పీల్చువారికి ఏమగునని అడుగవలసినంత గట్టిగా అడుగడయ్యెను. మీలో కొందరు రేపు యంత్రములు నిర్మింతురు. ఈ రెండు ప్రశ్నలను మరువకుడని మా కోరిక.