కెమెరా రాకముందే కృష్ణాతీరాన్ని బొమ్మకట్టిన మెకంజీ

మంగళగిరి: పాత ఛాయాచిత్రాల ఆధారంగా ఊళ్ల చరిత్ర వెదికేవారికి ఒకచోట దారి మూసుకుపోతుంది. ఛాయాచిత్రకళ లోకానికి వెల్లడైందే 1839లో. అమరావతి శిల్పాలను లినేయస్ ట్రైప్ ఫొటోలు తీసింది 1858లో. అదీ ఇక్కడ కాదు, శిల్పాలు మద్రాసుకు తరలిపోయిన తరువాత. అంతకు పూర్వం కృష్ణాతీరం ఎలా ఉండేదో తెలియాలంటే ముందుగా తలచుకోవలసిన పేరు కల్నల్ కాలిన్ మెకంజీ.

స్కాట్లండ్‌కు చెందిన లూయిస్ దీవిలో, స్టోర్నోవే పట్టణంలో 1754లో ఆయన జన్మించారు. కొంతకాలం అక్కడే సుంకాల ఉద్యోగిగా పనిచేసి, 1783లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసు చేరారు. సైన్యంలో ప్రవేశించి ఇంజనీరుగా స్థిరపడ్డారు. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ వశమైన తరువాత ఈ సీమలోనూ, నిజాం రాజ్యంలోనూ దారులు, కనుమలు, కోటలు కొలిచి పటాలు గీశారు. ఆ పటాలు యుద్ధాలకు, శిస్తు వసూళ్లకు ఉద్దేశించినవన్న సంగతి మరువరాదు. అయితే కొలతగొలుసుతో వెళ్లిన ప్రతి ఊరిలోనూ ఆయన దృష్టి శాసనాల మీదికి, శిథిలాల మీదికి, వృద్ధులు చెప్పే కథల మీదికి మళ్లింది.

ఏలూరు సోదరుల తోడ్పాటు

మెకంజీకి తెలుగు రాదు. ఈ దేశభాషలలో ఏదీ తనకు పట్టుబడలేదని ఆయనే అంగీకరించారు. ఆ లోటు తీర్చినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. 1796 ప్రాంతంలో కొలువులో చేరిన కావలి వెంకట బొర్రయ్య పాత లిపులను కూడబలుక్కుని చదవడంలో దిట్ట. గ్రామాల్లో కరణాలను, అర్చకులను ఒప్పించి వివరాలు రాబట్టడం, అందుకు మనుషులను తరిఫీదు చేయడం ఆయన చేతిమీదుగానే సాగింది. 1803లో, ముప్పై ఏళ్లు నిండకుండానే బొర్రయ్య కన్నుమూశారు. ఆ బాధ్యత తమ్ముడు లక్ష్మయ్య భుజాన పడింది. మరో సోదరుడు రామస్వామి అనంతర కాలంలో దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో రాసి 1829లో ప్రచురించారు.

ఈ బృందం సేకరించిన గ్రామ వృత్తాంతాలే కైఫీయతులు. ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి ఎవరు మాన్యమిచ్చారు, మిరాసీ ఎవరిది, ఏ దొరల ఏలుబడిలో ఊరు పాడైంది, మళ్లీ ఎప్పుడు నిలిచింది వంటి విషయాలు అందులో ఉంటాయి. కృష్ణపై ఆనకట్ట 1850వ దశకంలో గానీ రాలేదు. కాలువలు లేని, వానకూ వరదకూ తలవంచి బతికిన నాటి పల్లెల తీరు ఈ కాగితాల్లో కనిపించినంతగా మరొకచోట కనిపించదు. వాటిలో పురాణమూ చరిత్రా కలగాపులగంగా ఉన్న మాట నిజమే.

దీపాలదిన్నె కరిగిపోయిన వైనం

ఆ కాలంలో ఈ సీమకు ప్రభువు రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. మంగళగిరి నరసింహస్వామి ఆలయానికి 1807-09 మధ్య 11 అంతస్తులు, 153 అడుగుల గాలిగోపురం ఎత్తించినది ఆయనే. అంతకు పదేళ్ల ముందు ఆయన తన నివాసాన్ని చింతపల్లి నుంచి అమరావతికి మార్చారు. కొత్త పట్టణానికి ఇటుక, రాయి కావలసి వచ్చి పనివారు అక్కడి దీపాలదిన్నెను తవ్వగా చెక్కిన పాలరాతి పలకలు బయటపడ్డాయి. అది బౌద్ధ మహాస్తూపమని నాడు ఎవరికీ తెలియదు. కబురందుకుని 1797-98 ప్రాంతంలో వచ్చిన మెకంజీ సైతం దానిని జైనుల కట్టడమనే భావించారు.

అప్పుడు ఆయన అక్కడ ఉన్నది కొద్దిసేపే. టిప్పు సుల్తాన్ పతనానంతరం మైసూరు సర్వే, ఆపై జావా దండయాత్ర దాదాపు పదిహేనేళ్లు ఆయనను ఈ తీరానికి దూరం చేశాయి. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ పదవి లభించింది. మరుసటి ఏడాది చిత్రకారులను వెంటబెట్టుకుని అమరావతి చేరేసరికి దిన్నె నడుమ కోనేటి కోసం గొయ్యి తవ్వి ఉంది. పలకలు కొన్ని కోనేటి మెట్లయ్యాయి, మరికొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి. మంగళగిరి గోపురానికి అప్పటికి పదేళ్లైనా నిండలేదు. ఒకే ప్రభువు కాలంలో ఒకచోట గోపురం లేచింది, మరొకచోట స్తూపం నేలమట్టమైంది. అదే 1816లో వెంకటాద్రినాయుడు మరణించారు.

మెకంజీ బృందం మిగిలినదానిని వదలలేదు. మురుగేశ మొదలియార్ తదితరులు ఒక్కొక్క పలకనూ కొలిచి గీశారు. అలా 85 చిత్రాలు, స్తూపం ప్లాను సిద్ధమయ్యాయి. వారు గీసిన రాళ్లలో కొన్ని ఆ తరువాత జాడ లేకుండా పోయాయి. వాటికి నేడు మిగిలిన సాక్ష్యం ఆ కాగితమే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకు, అక్కడి నుంచి చాలావరకు 1859లో లండన్‌కు తరలాయి.

1821 మే 8న మెకంజీ మరణించారు. కలకత్తాలోని సౌత్ పార్క్ స్ట్రీట్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. ఆయన కూడబెట్టిన సంపదను కంపెనీ లక్ష రూపాయలిచ్చి భార్య నుంచి కొనుగోలు చేసింది. 1828లో అచ్చయిన జాబితా ప్రకారం అందులో 2,070 స్థానిక వృత్తాంతాలు, 8,076 శాసన ప్రతులు, 2,630 చిత్రాలు, 6,218 నాణేలు ఉన్నాయి. అమరావతి చిత్రాలు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీకి చేరాయి. కైఫీయతులు మద్రాసుకు రాగా, జీర్ణిస్తున్న ప్రతులకు సి.పి. బ్రౌన్ నకళ్లు రాయించారు. చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయం వీటికి నెలవు.

థామస్ హిక్కీ 1816లో వేసిన వర్ణచిత్రంలో ఎర్రకోటు తొడిగిన మెకంజీ పక్కన ముగ్గురు భారతీయ సహాయకులు నిలబడి ఉన్నారు. వారిలో ఒకరు లక్ష్మయ్యేనని పలువురి అభిప్రాయం. దొర పోయాక ఆగిన సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ముందుకు వచ్చారు. విషయం కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పరిశీలనకు వెళ్లింది. అటువంటి పనికి స్వదేశీయుడు పెద్దగా ఉండజాలడన్న తలంపుతో 1830వ దశకంలో సొసైటీ ఆ కోరికను తోసిపుచ్చింది.