కోట్ల విజయభాస్కర రెడ్డి గారు, మన మండలం గీతలు

1920లో పుట్టి 2001లో కన్నుమూసిన కోట్ల విజయభాస్కర రెడ్డి గారి పేరు వినని ఇల్లు మా ఆలూరు పక్క ఉండదు. రెండుసార్లు ముఖ్యమంత్రి, కర్నూలు నుంచి పలుమార్లు పార్లమెంటు సభ్యులు. అంతకు ముందు జిల్లా పరిషత్తు అధ్యక్షులుగా చేసిన సంగతి మాత్రం ఇప్పటి పిల్లలకు తెలియదు.

రెండోసారి ముఖ్యమంత్రిగా ఉండగా, 1994లో, కొత్త పంచాయతీరాజ్ చట్టం తెచ్చినారు. రాజ్యాంగం 73వ సవరణ తర్వాత ఏ ప్రభుత్వమైనా తేవలసిందే అనుకోండి. 1987లో మండలాధ్యక్షుణ్ణి ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. ఈ చట్టంతో మండలాన్ని జనాభాను బట్టి ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీసి, ఒక్కోదాన్నుంచి ఒక సభ్యుణ్ణి, ఆ సభ్యుల్లోనుంచి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే పద్ధతి వచ్చింది. జిల్లా పరిషత్తుకు మండలానికొక సభ్యుడు. మైనారిటీల నుంచి మండల పరిషత్తుకు ఒకరు, జిల్లా పరిషత్తుకు ఇద్దరు కో-ఆప్షన్ సభ్యులు.

ఆ కో-ఆప్షన్ సీటు దొరికితే చాలని మనవాళ్ళు సంబరపడటం మేము చూశాము. మంచిదే. కాని అధ్యక్షుని ఎన్నికలో ఆ సభ్యునికి ఓటు లేదు, ఓటంతా ఎంపీటీసీలదే. నియోజకవర్గం గీత మన మొహల్లా నడిమధ్యన పోయిందంటే సగం ఓట్లు అటు, సగం ఇటు. ఎటుపక్కా మన మాట చెల్లదు. ముసాయిదా అంటించినప్పుడు అభ్యంతరాలు రాసియ్యడానికి గడువిస్తారు. దాని ముందర నిలబడి చదివేవాళ్ళు మనలో బహు తక్కువ.

మేము బడిలో మండలం పటం గీసి ఈ గీతలు చూపిస్తే, పిల్లలు మొట్టమొదట వెతికేది తమ ఇల్లు ఏ పక్కకు వచ్చిందనే.