అద్దములు చేసిన అనాథ బాలుడు

జర్మనీ దేశమందలి బవేరియాలో, స్ట్రౌబింగ్ అను ఊరిలో 1787వ సంవత్సరము మార్చి 6న జోసెఫ్ ఫ్రౌన్‌హోఫర్ జన్మించెను. తండ్రి గాజుపనివాడు. జోసెఫ్ పదునొకండవ సంతానము. పండ్రెండేండ్లు నిండకమునుపే తల్లిదండ్రులిరువురును చనిపోయిరి. 1799లో బాలుని మ్యూనిచ్ పట్టణమందు అద్దములు చేయు యజమానునియొద్ద ఆరేండ్లు జీతము లేని పనికి పెట్టిరి. చదువుకొనవలెనని బాలుడు ఆశించెను గాని యజమానుడు సమ్మతింపలేదు.

1801 జూలై 21న ఆ ఇల్లు కూలిపోయెను. యజమానుని భార్య మరణించెను. జోసెఫ్‌ను కొన్ని గంటల తరువాత ప్రాణముతో బయటికి తీసిరి. అచ్చటికి వచ్చిన బవేరియా ప్రభువు మాక్సిమిలియన్ జోసెఫ్ జాలిపడి 18 బంగారు నాణెములిచ్చెను. ఉట్‌ష్నైడర్ అను పెద్దమనుష్యుడు గణితపుస్తకములిచ్చెను. బాలుడు ఆ సొమ్ముతో గాజు సానపట్టు యంత్రమును కొని, మిగిలిన సేవాకాలమునుండి విడుదలయు కొనుక్కొనెను.

1806లో అతడు ఉట్‌ష్నైడరు సంస్థలో చేరెను. కాంతి గాజులో ఏటవాలుగా ప్రవేశించునప్పుడు వంగును. ఎరుపుకంటె నీలము ఎక్కువ వంగును. అందుచేత దూరదర్శినిలో చూచిన వస్తువు అంచున రంగులు కనబడును. రెండు విధములైన గాజులను జతపరచినయెడల ఒకదాని దోషమును మరియొకటి సరిచేయును. అయితే పనివారు అనేకులు సానపట్టి చూచి, మరల సానపట్టుచు, చేతివాటముచేతనే పని జరుపుచుండిరి. ఫ్రౌన్‌హోఫర్ ముందుగా కాగితముమీద లెక్క వేసెను. ఒక్కొక్క కిరణము ఒక్కొక్క గాజుముఖమున ఎంత వంగి ఎటు పోవునో వరుసగా గణించి, కిరణములన్నియు ఒకే చోటికి చేరువరకు ఆ వంపులను లెక్కలోనే మార్చెను.

ఆ లెక్కకు ప్రతి రంగు ప్రతి గాజులో ఎంత వంగునో తెలియవలెను. రంగులు ఒకదానిలో ఒకటి కలిసిపోవును గదా, ఎక్కడ కొలుచుట? 1814లో అతడు సూర్యకాంతి రంగులపట్టీలో సన్నని నల్లని గీతలను చూచి, 574 గీతలను గుర్తించెను. అవి పొలమునకు సరిహద్దురాళ్లవలె కదలక నిలుచును. వాటినుండియే కొలతలు తీసికొనెను.

1824లో అతని దూరదర్శిని, సుమారు 24 సెంటీమీటర్ల కటకముతో, నేటి ఎస్టోనియాలోని టార్టు పట్టణమునకు చేరెను. 1826 జూన్ 7న, 39 ఏండ్ల ప్రాయమున, అతడు క్షయచేత మరణించెను. 1838లో బెసెల్ అను జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు అతడు రూపొందించిన పరికరముతోనే ఒక నక్షత్రము దూరమును కొలిచెను. అది ఫ్రౌన్‌హోఫర్ చూడలేదు.

ప్రియులారా, మేము ఈ చరిత్రలో ఒక సంగతి గమనించితిమి. శిథిలములు తొలగించినవారు అతని ప్రాణమును కాపాడిరి. పుస్తకమిచ్చినవాడు అతని పనికి దారి తెరచెను. పనికి పోవు పిల్లవాడు మన యింట నున్నయెడల, వాని చేతిలో పుస్తకము కూడ ఉన్నదా యని విచారింతము.