కింగ్ దొర

కోనసీమ పిల్లలకు రాయి అంటే లారీలో దిగే సరుకే. మన దగ్గర నుయ్యి తవ్వితే ఒండ్రు, ఇసుక, ఇంకా లోతుకు పోతే ఉప్పునీరు. అలాంటి చోట చదువుకుని నేను బొగ్గు గనుల్లో తేలాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో 'కింగ్ సీమ్' అని వింటే ఏ రాజుగారి పేరో అనుకున్నాను. కాదట. అది డాక్టర్ విలియం కింగ్ పేరు. కాటన్ దొర తెలిసినంతగా ఈయన మనకు తెలియరు.

కింగ్‌ది ఐర్లండ్. తండ్రి గాల్వేలో భూగర్భశాస్త్ర ప్రొఫెసరు; నియాండర్తల్ మానవుడికి 1864లో శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. కొడుకు 1857లో మన దేశపు జియలాజికల్ సర్వేలో చేరి దక్షిణాదికి వచ్చారు. 1863లో బ్రూస్ ఫుట్‌తో కలిసి మద్రాసు దగ్గర అత్తిరంపాక్కంలో రాతియుగపు పనిముట్లు కనుగొన్నారు. తరవాత కడప, కర్నూలు కొండలు తిరిగారు.

మా వాళ్లకు ముఖ్యమైంది నైజాం అడవుల్లో ఇల్లందు దగ్గర ఆయన పట్టుకున్న బొగ్గు. 1872లో దాన్ని ప్రకటించారు. అదృష్టం కలిసొచ్చిందనుకుంటే పొరపాటు. అడుగున తాల్చేరు రాళ్లు, వాటి మీద బొగ్గుండే బరాకరు, ఆపైన కామ్ఠీ ఇసుకరాయి. ఈ వరస ఎరిగినవాడికే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. చేతిలో ఉన్నది సుత్తి, నోటుబుక్కు.

బొగ్గు దొరికినా వెంటనే ఎవరూ దిగలేదు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1886లో హక్కులు తీసుకుంది, 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి కంపెనీ ఏర్పడింది 1920లో. ఆనాడు కూలీలు గునపాలతో కొట్టి, తట్టలతో మోశారు. పైకప్పు కూలకుండా కర్రలే ఆసరా. ఇప్పుడు రూఫ్ బోల్ట్‌లు, ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. మొదటి రోజుల్లో దిగినవాళ్ల పేర్లు మాత్రం ఏ పొరకూ పెట్టలేదు. నాకది వెలితే.

కింగ్ 1887 నుంచి 1894 వరకు సర్వే డైరెక్టరుగా పనిచేశారు. దానికి ముందే, 1880లో, గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్ల మీద ఒక గ్రంథం రాశారు. రాజమండ్రి పక్కన కాతేరులో కనిపించే నల్లరాయి ఆయన పరిశీలించిన వాటిలో ఉంది. మనకు బండ లేదన్నాను గానీ, ఆ నల్లరాయే సముద్రం వైపు దిగిపోతూ మన కాళ్ల కింద చాలా లోతున ఉంది. చమురు కోసం బోర్లు వేసినవాళ్లకు తగిలింది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన పేరు రాజోలు ఫార్మేషన్.