మగ్దలేనే మరియ ఎవరు?

డాన్ బ్రౌన్ 2003లో రాసిన 'ద డావిన్సీ కోడ్' నవల 2006లో సినిమాగా వచ్చింది. యేసుక్రీస్తు మగ్దలేనే మరియను వివాహం చేసుకున్నాడని, వారి సంతతి ఫ్రాన్సులో కొనసాగిందని ఆ కథ. ఆ ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సినిమాను నిషేధించింది. అదే నెలలో హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఇప్పుడు మన పిల్లలు దాన్ని ఇంట్లోనే, ఫోన్‌లోనే చూడగలరు. చూశాక మరియ ఎవరని వారు అడిగితే మనం ఏం చెబుతాం?

గలిలయ సముద్రపు పడమటి ఒడ్డున ఉన్న మగ్దల ఆమె ఊరు. ప్రభువు ఆమెను ఏడు దయ్యాల నుండి విడిపించాడని లూకా రాశాడు. విడుదల పొందాక ఆమె తన దారిన వెళ్లిపోలేదు. కూజా భార్య యోహన్న, సూసన్న మొదలైన స్త్రీలతో కలిసి, తమకు కలిగిన ఆస్తితో ప్రభువుకు, శిష్యులకు ఉపచారం చేసింది.

యోహన్నను భర్త పేరుతో, మరొక మరియను కుమారుల పేరుతో సువార్తికులు గుర్తు చెప్పారు. ఈమెను మాత్రం ఊరి పేరుతో పిలిచారు. ఆమె ప్రభువు భార్యే అయితే ఆ మాట రాయకుండా ఉంటారా? సిలువపై ప్రభువు తన తల్లిని ప్రియశిష్యునికి అప్పగించాడు. మగ్దలేనే మరియ అక్కడే నిలబడి ఉంది. ఆమెను ఎవరికీ అప్పగించలేదు.

శిష్యులు చెదిరిపోయిన ఆ దినాన ఆమె చెదరలేదు. దేహాన్ని సమాధిలో ఉంచినప్పుడు ఎదురుగా కూర్చుని ఉంది. ఆదివారం ఇంకా చీకటిగా ఉండగానే తిరిగి వచ్చింది. రాయి తొలగి ఉండటం చూసి పేతురు, యోహానుల దగ్గరకు పరుగెత్తింది. వారు వచ్చి చూసి వెళ్లిపోయినా ఆమె ఏడుస్తూ అక్కడే నిలిచింది. తోటమాలి అనుకున్న వ్యక్తి పేరుపెట్టి పిలవగానే ప్రభువును గుర్తుపట్టింది. ఆయన లేచాడన్న వార్తను శిష్యులకు మోసుకెళ్లింది. స్త్రీలు చెప్పిన ఆ మాటలు అపొస్తలులకు మొదట వెర్రిమాటలుగా తోచాయి.

ఆ తర్వాత ఆమె జీవితం గురించి లేఖనం మౌనంగా ఉంది. ఎఫెసుకు వెళ్లిందని తూర్పు సంఘాల్లో, దక్షిణ ఫ్రాన్సుకు చేరిందని పడమటి సంఘాల్లో కథలు పుట్టాయి. అవి చాలా కాలం తర్వాతివి. నవల పట్టుకున్నది ఆ రెండో కథనే.

అయితే ఆమె కథను మార్చిన మొదటివాడు నవలా రచయిత కాదు. 591లో పోపు గ్రెగరీ ఒక ప్రసంగంలో లూకా 7వ అధ్యాయంలోని పాపాత్మురాలిని, బేతనియ మరియను, ఈమెను ఒక్కరిగా కలిపేశాడు. అప్పటి నుండి ఆమెను వేశ్యగా చెప్పడం అలవాటైంది. లేఖనంలో ఆ మాట ఎక్కడా లేదు. 1969లో క్యాలెండరును సవరించినప్పుడు కాథలిక్ సంఘం ఆ పొరపాటును విడిచిపెట్టింది. మన ప్రసంగాల్లో, ఈస్టర్ నాటికల్లో అది ఇంకా వినిపిస్తూనే ఉంది.

ప్రియులారా, నవల ఆమెకు లేని పెళ్లిని అంటగట్టింది. మనం ఆమెకు లేని పాపాన్ని అంటగట్టాం. సినిమాపై కోపపడటం సులువు. వాక్యంలో ఉన్నదే చెప్పడం మన బాధ్యత. మగ్దలేనే మరియ విడుదల పొందిన స్త్రీ, నమ్మకమైన శిష్యురాలు, పునరుత్థానానికి సాక్షి. ఇంట్లో బిడ్డ అడిగినప్పుడు బైబిలు తెరిచి ఇంతమట్టుకు చూపిద్దాం.