గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి

సోలాపూరు నేతపేటలలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. తాతల కాలంలో చేతిమగ్గంపై నేత సాగేది. తరువాత మరమగ్గాలు వచ్చాయి. మగ్గం మారినా పడుగు, పేక లేనిదే గుడ్డ లేదు. గ్రంథాలయాల చరిత్ర కూడా ఇటువంటిదే. తాటాకులు పోయి అచ్చుపుస్తకాలు వచ్చాయి. నేడు కంప్యూటర్లు వచ్చాయి. సాధనాలు ఎన్ని మారినా చదివేవారు లేకపోతే గ్రంథాలయం లేదు. ఈ సత్యాన్ని గ్రహించి, చదువరులను తయారు చేయడానికి జీవితమంతా శ్రమించిన మహనీయుడు అయ్యంకి వెంకటరమణయ్య.

ఆయన 1890లో తూర్పుగోదావరి జిల్లా కొంకుదురులో జన్మించారు. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి ఉపన్యాసాలిచ్చారు. వాటి ప్రభావంతో యువకుడైన వెంకటరమణయ్య దేశసేవకు పూనుకున్నారు. దేశం మేలుకోవాలంటే ప్రజలకు జ్ఞానం కావాలి, జ్ఞానం కావాలంటే పుస్తకం అందుబాటులో ఉండాలి అని ఆయన భావించారు.

ఆ రోజుల్లో పుస్తకం కొనగలిగిన వారు తక్కువ. చదవగలిగిన వారు మరీ తక్కువ. ఉత్సాహవంతులు అక్కడక్కడ పఠన మందిరాలు పెట్టినా, ఒక ఊరివారి అనుభవం మరొక ఊరికి తెలిసేది కాదు. నడిపేవారి ఉత్సాహం తగ్గితే ఆ మందిరం మూతపడేది. ఈ లోటును తీర్చడానికి అయ్యంకి నడుం బిగించారు. 1914 ఏప్రిల్ 10న విజయవాడలోని రామమోహన గ్రంథాలయంలో గ్రంథాలయాల ప్రతినిధుల మహాసభ జరిగింది. కంటిచూపు సరిగా లేకపోయినా అక్షరసేవ మానని చిలకమర్తి లక్ష్మీనరసింహం దానికి అధ్యక్షత వహించారు. అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. సంఘం పక్షాన 'గ్రంథాలయ సర్వస్వము' అనే పత్రిక వెలువడింది. ఊరూరా ఉన్న కార్యకర్తలను అది ఒక్కటి చేసింది.

అయ్యంకి దృష్టి ఆంధ్రదేశానికే పరిమితం కాలేదు. బరోడా సంస్థానంలో పుస్తకాలను పెట్టెలలో పెట్టి పల్లెలకు పంపే పద్ధతి అప్పటికే ఉంది. ఇటువంటి ప్రయత్నాలు దేశమంతటా సాగాలని ఆయన కోరిక. అందుకే 1919లో మద్రాసులో అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభ జరిపించడానికి ముందు నిలిచారు.

ఉద్యమం పెరిగినకొద్దీ కొత్త మార్గాలు కనిపించాయి. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం పడవ గ్రంథాలయం నడిపారు. కాలువ గట్టున ఉన్న పల్లెలకు ఆ పడవ పుస్తకాలను చేరవేసింది. గ్రంథాలయానికి రాలేనివారి వద్దకు గ్రంథాలయమే వెళ్ళింది.

దాతల దయపై నడిచే సంస్థ కలకాలం నిలవదు. దానికి చట్టం అండ కావాలి. 1945లో కొల్హాపూరు సంస్థానంలోను, 1948లో మద్రాసు రాష్ట్రంలోను గ్రంథాలయ చట్టాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1960లో, మహారాష్ట్రలో 1967లో చట్టాలు చేశారు. పఠన మందిరాలు చందాలతో నడిచిన రోజులను చూసిన అయ్యంకి, ప్రభుత్వం వాటి బాధ్యత వహించే రోజులను కూడా చూడగలిగారు.

1972లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 1979లో ఆయన కన్నుమూశారు. కంప్యూటర్లు మన గ్రంథాలయాలలోకి వచ్చిన రోజులను ఆయన చూడలేదు. చూసి ఉంటే వాటినీ పడవలాగే, పెట్టెలాగే, పుస్తకాన్ని పాఠకునికి చేర్చే మరో వాహనంగా భావించి ఉండేవారేమో!

తెలుగునాటికి దూరంగా ఉన్న మనకు వీధిలో మరాఠీ, ఇంట్లో తెలుగు వినిపిస్తాయి. మాట్లాడే తెలుగు ఇంట్లోనే వస్తుంది. చదివే తెలుగు మాత్రం పుస్తకం పట్టనిదే రాదు. ఇంట్లో చదవడం రాని పెద్దలు ఉంటే, సాయంకాలం వారికి ఒక పుట చదివి వినిపించండి. అయ్యంకి ఆరంభించిన పనిలో అదీ ఒక భాగమే.